ప్రకృతి వింతలు: ఏడుకొండల అడవి

మీలో చాలామంది తిరుమల వెళ్ళే వుంటారు. అలిపిరినుంచి నడిచి వెళ్ళేవారు 3,550 మెట్లు ఎక్కాలి. మెట్లు లెక్కపెట్టే పిల్లలు చాలామందే గాని, ఆ మెట్లకు అటూ ఇటూ ఏమున్నదో చూసేవారు తక్కువ. అక్కడ వున్నది శేషాచలం అడవి. అందులో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయవనం అయింది.

ఎర్రచందనం ఈ అడవి సొత్తు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది తనంతట తాను పెరగదు. దాని చేవ ఎంత బరువంటే, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. ఆ చేవకోసమే దొంగలు చెట్లను నరుకుతున్నారు.

ఇంకొక వింత సైకస్ చెట్టు. చూడటానికి పొట్టి ఈతచెట్టులాగా వుంటుంది. కాని దానికి పువ్వులు పూయవు. భూమిమీద పూలమొక్కలు పుట్టకముందే దాని వంశం పుట్టింది!

మరి బంగారుబల్లి సంగతి విన్నారా? అది రాతి నెర్రెలలో కాపరం వుంటుంది. మగబల్లి ఒళ్ళు బంగారంలాగా పచ్చగా మెరుస్తుంది. బెడ్డోం అనే అటవీ అధికారి 1870లో, తిరుపతి కొండలలో దొరికిన ఈ బల్లిని గురించి లోకానికి తెలియజేశాడు. ఆ తరవాత శాస్త్రజ్ఞులు దాన్ని మళ్ళీ కనుక్కోవటానికి వందేళ్ళకు పైగా పట్టింది.

ఈ అడవిలో చిరుతపులులు కూడా వున్నాయి. 2023 ఆగస్టులో మెట్లదారిన వెళుతున్న ఒక చిన్నపాపను చిరుత ఎత్తుకుపోయింది. పాప దక్కలేదు. చిరుతకు మనుషులమీద పగ ఏమీ లేదు. మరి దారిదాకా ఎందుకు వస్తుంది? మనం పారేసిన తిండికోసం కుక్కలూ పందులూ దారిపక్కన చేరుతాయి. వాటిని వెతుక్కుంటూ చిరుత వస్తుంది. మసక చీకటిలో ఒంటరిగా వున్న పసిపిల్ల దాని కంటికి మరో చిన్న జంతువులాగే కనిపిస్తుంది.

అందుచేత మెట్లదారిన వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి. పొద్దుండగానే కొండ చేరండి. మిగిలిన పులిహోర చెట్లకింద పారెయ్యక, చెత్తబుట్టలో వెయ్యండి. జింకలకూ కోతులకూ ఏమీ పెట్టకండి. వాటి తిండి అడవిలోనే వున్నది.

ఈసారి మెట్లెక్కుతూ ఒక పని చెయ్యండి. బెరడు మొసలి తోలులాగా పలకలు పలకలుగా పగిలి, కాడకు మూడేసి ఆకులున్న చెట్టు కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే, మీరు ఎర్రచందనాన్ని చూసినట్టే!