గర్భసంచితో పాటు ఇంకేం తీశారు?

"పిల్లలు పుట్టేశారు, కు.ని. ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంక ఆ సంచి ఉండి ఏం చేయాలి?" మన ఊళ్లలో ఈ మాట అత్త అంటుంది, తోటికోడలు అంటుంది, ఆర్.ఎం.పి. డాక్టరు అంటాడు. నెలలో పది రోజులు బట్ట మీద బట్ట మారుస్తూ, ఆ నీరసంతోనే నాట్లకు వంగి వంగి విసిగిపోయిన మనిషైతే అందరికంటే ముందే అంటుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ మాట విన్న డాక్టరు వెంటనే తేదీ ఖాయం చేయడమే నాకు మింగుడుపడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనిమిది మందికి పైనే. ఈ రెండు రాష్ట్రాలూ దేశంలో అందరికంటే ముందున్నాయి. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం జరిగేది ప్రైవేటు ఆస్పత్రుల్లో. మన ఆడవాళ్ల కడుపులో మాత్రమే అన్ని జబ్బులు ఎందుకుంటాయి? అస్సాం ఆడమనిషి శరీరం, అనంతపురం ఆడమనిషి శరీరం ఒకటే కదా!

అసలు ఏది ఎక్కడుందో, ఏది ఏం చేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. గర్భసంచి పెద్దదేమీ కాదు. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, ఆకారం తలకిందులుగా పెట్టిన జామకాయ. ముందు మూత్రాశయం, వెనక పెద్దపేగు చివరి భాగం. రెండు పక్కలా రెండు ట్యూబులు, వాటి కొసల దగ్గర మూడు సెంటీమీటర్ల చొప్పున రెండు అండాశయాలు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అంతా ఒకటే అనుకుంటాం. కానీ సంసారం నడిపేది అండాశయాలు. గర్భసంచి వాటి మాట వింటుంది, అంతే.

నెలసరి కథ మొదలయ్యేది మెదడులో. హైపోథలామస్ ఒక హార్మోన్‌ను చిన్న చిన్న విడతలుగా వదులుతుంది. దాన్ని అందుకుని కిందున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది. దాంతో అండాశయంలో కొన్ని అండాల చుట్టూ నీటి బుడగల్లాంటివి పెరుగుతాయి. వాటిలో ఒకటి మిగతావాటిని వెనక్కి నెట్టి ముందుకొస్తుంది. ఆ బుడగ గోడల నుంచే ఈస్ట్రోజెన్ వస్తుంది, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఈస్ట్రోజెన్ బాగా పెరిగి రెండు రోజులు నిలబడితే పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. దాదాపు ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ఖాళీ అయిన బుడగ పసుపు రంగు గ్రంథిగా మారి రెండు వారాల పాటు ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. పెరిగిన పొరను నిలబెట్టేది అదే. గర్భం రాకపోతే ఆ గ్రంథి వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర ఊడి బయటికి వస్తుంది. మనం మైల అని గుమ్మం బయట కూర్చోబెట్టింది ఇంత పనినీ.

కు.ని. ఆపరేషన్‌లో ముడివేసేది ట్యూబులను. అండం వెళ్లే దారి మూసుకుంటుంది. హార్మోన్లు ట్యూబుల్లోంచి పోవు, రక్తంలో పోతాయి. కాబట్టి నెలసరి ఎప్పటిలాగే నడుస్తుంది. ఇరవై రెండేళ్లకో ఇరవై మూడేళ్లకో ఆ ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మరో పాతికేళ్లు అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. "పిల్లలు పుట్టాక ఇంకెందుకు" అనే మాట ఇక్కడే బోర్లాపడుతుంది. ఆ పాతికేళ్లూ ఈస్ట్రోజెన్ ఎముక కరగకుండా కాపు కాస్తుంది, రక్తనాళాలను మెత్తగా ఉంచుతుంది, మూత్రమార్గంలో యోనిలో తడి నిలుపుతుంది, నిద్రనూ ఒంటి వేడినీ అదుపులో పెడుతుంది. పిల్లలు కనడం ఆ జాబితాలో ఒక పని మాత్రమే.

గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు వదిలేస్తే నెలసరి కనబడదు గానీ హార్మోన్ల రాకపోకలు లోపల సాగుతూనే ఉంటాయి. అలా వదిలేసినా, అండాశయాలకు వెళ్లే రక్తంలో కొంత గర్భసంచి రక్తనాళం నుంచే అందుతుంది కాబట్టి, అవి అనుకున్నదానికంటే ముందే అలసిపోయే అవకాశం ఉంది. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం, కొన్నేళ్లపాటు మెల్లగా జరగాల్సిన ముట్లుడగడం ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది. ముప్పై అయిదేళ్ల మనిషికి అర్ధరాత్రి ఒళ్లంతా సెగలు, జాకెట్టు తడిసేంత చెమట, నిద్ర లేమి, అయినదానికీ కానిదానికీ ఏడుపు. కాపురంలో నొప్పి ఉంటుంది, అది ఎవరికీ చెప్పుకోదు. ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు పెరగడం నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తాయి. పదేళ్లకు తుంటి విరిగితే ఆ ఆపరేషన్‌ను ఎవరూ గుర్తుచేసుకోరు.

ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కను ట్రేలో పెట్టి బయట నిలబడ్డ భర్తకు చూపిస్తారు. ఆయన ముఖం తిప్పుకుని తలూపుతాడు. అందులో ఏముందో, ఎన్ని ముక్కలున్నాయో ఆయనకు ఏం తెలుసు? మూడో రోజో అయిదో రోజో చేతికిచ్చే డిశ్చార్జి కార్డు మీద ఇంగ్లిషులో "టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ." అని గీకి ఉంటుంది. మొదటి మూడక్షరాలు పొట్ట కోసి గర్భసంచి తీశామని. చివరి మూడక్షరాలు రెండు ట్యూబులూ, రెండు అండాశయాలూ కూడా తీశామని. ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డు పక్కన భద్రంగా దాచుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అందులో ఏం రాసి ఉందో వాళ్లకు ఎవరూ చదివి చెప్పలేదు.

ఇంతకీ ఏ జబ్బుకు తీస్తున్నారు? తెల్లబట్ట అవుతుందని. అది చాలాసార్లు ఇన్‌ఫెక్షన్, మందులతో తగ్గేది. కొన్ని రకాలకు భర్తకూ మందు వేయాలి, ఆయన వేసుకోడు, మళ్లీ వస్తుంది, నింద గర్భసంచి మీద పడుతుంది. గర్భసంచి ముఖద్వారం ఎర్రగా ఉంది, పుండు పడింది, క్యాన్సర్ అవుతుందని ఇంకొకరు భయపెడతారు. లోపలి వైపు ఉండాల్సిన కణాలు బయటి వైపుకు కనబడటం వల్ల వచ్చే ఎరుపు అది. ప్రాయంలో ఉన్నవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మామూలే. అనుమానముంటే పాప్ స్మియర్ ఉంది, హెచ్.పి.వి. పరీక్ష ఉంది. పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరెత్తేవాళ్లను నేను డాక్టర్లలో లెక్కించను.

నలభై దాటాక ఎడతెగని రక్తస్రావానికి చాలామందిలో కారణం మరీ సాదాసీదాది. ఆ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే పసుపు గ్రంథి లేదు, ప్రొజెస్టెరాన్ లేదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంటూ పోతుంది, చివరికి అది అడ్డదిడ్డంగా ఊడుతుంది. లోపలి పొర ముక్క పరీక్షించి ప్రమాదం లేదని తేల్చుకున్నాక, లేనిదాన్ని మాత్రగా ఇస్తే చాలా వరకు సర్దుకుంటుంది. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఒకటి ఉంది, అయిదేళ్లు పనిచేస్తుంది. థైరాయిడ్ చూడాలి, రక్తం ఎంతుందో చూడాలి. ఇవన్నీ అయ్యాక కత్తి. పెద్ద కంతులు, క్యాన్సర్, జారిపోయిన గర్భసంచి, కాన్పులో ఆగని రక్తం, ఇలాంటప్పుడు ఆ కత్తే ప్రాణం నిలబెడుతుంది. దానికి నేను దణ్ణం పెడతాను.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేని ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు చెప్పింది. జిల్లా స్థాయి నుంచి పర్యవేక్షక కమిటీలు ఉండాలన్నది వాటిలో ఒకటి. కేసులో మన రెండు రాష్ట్రాల పేర్లు లేవు. లెక్కల్లో మాత్రం ముందు వరస మనదే. మన ఎమ్మెల్యేలు, మంత్రులు తమ జిల్లా కమిటీ ఎప్పుడు కూర్చుంది, నలభై లోపు వాళ్లకు జరిగిన ఆపరేషన్లు ఎన్ని చూసిందో అడగాలి. అడిగి, ఆ లెక్క పేపరుకెక్కించాలి.

ఈ లోపల మీరు చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో అమ్మకో అక్కకో వదినకో ఆపరేషన్ రాశారంటే సంతకానికి ముందు మరో డాక్టరుకు చూపించండి. అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు అని నోరు తెరిచి అడగండి. తీసిన ముక్కను ల్యాబుకు పంపి ఆ రిపోర్టు ఇమ్మనండి. ఇప్పటికే అయిపోయి ఉంటే బీరువాలోని కార్డు తీసి చదవండి. బి.ఎస్.ఓ. అని ఉండి, ఆపరేషన్ నాటికి ఆమెకు 45 నిండకపోతే, గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ మందులు వాడొచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అక్కడే అడగండి.