చదివారు సరే, అందులో ఏముంది?

జనాభా లెక్కల్లో అక్షరాస్యతకు ఇచ్చిన నిర్వచనాన్ని మనలో చాలామంది శ్రద్ధగా గమనించి ఉండరు. ఏడేళ్లు నిండిన వ్యక్తి ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే అక్షరాస్యుడు. ఆ ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాటను మాత్రం ఎవరూ పరీక్షించరు. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్ అడుగుతాడు, ఇంటివారు అవునంటారు, లెక్క పూర్తవుతుంది. 2001 లెక్కల ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో అది 59.1 శాతమేనని 2006లో సచార్ కమిటీ నివేదిక వెల్లడించినప్పుడు, ఆ ఆరు శాతం అంతరం కోసం మనం సభలు జరిపాం, వినతిపత్రాలు సమర్పించాం. అది న్యాయమే. కానీ ఆ 59.1లో ఎందరు ఒక పేరా చదివి ‘ఇది చెబుతున్నది ఇదీ’ అని ఒక్క వాక్యంలో చెప్పగలరని అడిగిన గొంతులు అరుదు.

ఈ ప్రశ్న పంతుళ్లకు వదిలేయదగినది కాదు. ఓటరు జాబితా నోటీసు, బ్యాంకు రుణ ఒప్పందం, స్కాలర్‌షిప్ దరఖాస్తులోని నిబంధన, ఇంటి స్థలం మీద వచ్చిన ఉత్తర్వు, ఇవన్నీ అక్షరాలు తెలిసినవారి ఇళ్లకే వస్తాయి. వాటిని చివరి వరకు చదివి కూడా, తమను ఏం చేయమంటున్నారో, ఎప్పటిలోగా చేయమంటున్నారో తేల్చుకోలేక, మధ్యవర్తి చేతికి వంద రూపాయలు పెట్టి అతడు చూపిన చోట సంతకం చేసేవారు మన బస్తీల్లో ఎందరు లేరు? ఫోనుకు వచ్చిన ప్రతి వదంతినీ నమ్మి పదిమందికి పంపేవారూ చదువు రానివారు కారు. వారికి ఎవరూ నేర్పనిది ఒక్కటే: ఈ రాత సారం ఏమిటి, దానికి ఆధారంగా చూపుతున్నదేమిటి అని విడదీసి చూడడం.

బడిలో జరుగుతున్నదేమిటో చూద్దాం. ఇదిగో ఒక వాక్యం: ‘ఝుమురు లోకిటను గబ్బటలో దాచెను.’ ప్రశ్న: ఝుమురు లోకిటను ఎక్కడ దాచెను? జవాబు: గబ్బటలో. పూర్తి మార్కులు! ఇందులో ఏ పదానికీ అర్థం లేదు. అయినా జవాబు తప్పు కాదు. మన పిల్లలు ‘గద్యం చదివి జవాబులు రాయండి’ అన్న చోట సరిగ్గా ఈ పనే చేస్తున్నారు. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని ఎత్తి రాయడం. గైడ్లు నేర్పేది ఇదే. పరీక్ష మెచ్చేదీ ఇదే. జాతీయ స్థాయి సర్వేల కొలమానమూ దీనిని దాటి ఎంతో దూరం పోదు. 2022 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. అక్కడ ‘చదవగలగడం’ అంటే ప్రధానంగా తడబడకుండా పైకి చదవడం. చదివినదానిలోని ముఖ్యభావం అడిగితే ఆ అంకె ఇంకెంత పడిపోతుందో ఊహించుకోవచ్చు.

ముఖ్యభావం నేర్పడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ చిన్న పేరా చూడండి: ‘మా వీధిలో రెండు కుళాయిలున్నాయి. ఒకదానికే నీళ్లు వస్తాయి. తెల్లవారకముందే బిందెలు వరుసలో పెట్టాలి. అక్క ఆ వరుసలో నిలబడుతుంది. రోజూ బడికి ఆలస్యమవుతుంది. పరీక్షల నెలలో నాలుగు రోజులు అసలు పోనేలేదు.’ ఇది దేని గురించి అని అడిగితే పిల్లలు కుళాయిల గురించి అంటారు. అది విషయం మాత్రమే. ఆ విషయం గురించి ఈ రాత ఏమంటోంది అన్న రెండో ప్రశ్న అడగాలి. నీటి కొరత ఆడపిల్ల చదువును తినేస్తోందన్నది జవాబు. ఆ వాక్యం పేరాలో ఎక్కడా లేదు! ముఖ్యభావం మొదటి వాక్యంలోనో చివరి వాక్యంలోనో ఉంటుందని గైడ్లు చెప్పే సూత్రం ఇక్కడ పనిచేయదు. ఏ వాక్యాలు చూసి అలా అన్నావని అడగాలి. ఒక్కొక్క వాక్యాన్నీ వేలితో కప్పి, ఇది లేకపోతే భావం చెడుతుందా అని చూడమనాలి. రెండు కుళాయిలకు బదులు మూడున్నా భావం మారదు. అక్కను తీసేస్తే అంతా మారిపోతుంది. ఇది పావుగంట పని. నల్లబల్ల చాలు, ఏ నిధులూ అక్కరలేదు.

‘మీ పిల్లలకు అవగాహన తక్కువ’ అనే మాట ముస్లిం తల్లిదండ్రులు ఎన్నోసార్లు వింటారు. ఆ మాట అనేవారు ఒక పరిశోధన గురించి తెలుసుకోవాలి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు బడి పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం చదివించారు. చదవడంలో వెనుకబడినవారని పేరుపడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతారని పేరున్నా ఆట తెలియని పిల్లలకంటే దానిని మెరుగ్గా గ్రహించారు. ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చడానికి ఆ లోకం కొంత ముందే తెలిసి ఉండాలి. కల్లం, కుప్పనూర్పిడి ఎరుగని పాతబస్తీ పిల్లవాడు సంక్రాంతి పాఠంలో తడబడితే అది బుద్ధిలోపం కాదు. లాడ్ బజార్‌లో లక్క గాజులు తయారయ్యే తీరు మీద పేరా ఇస్తే తడబడేది ఇంకొకరు. దీని అర్థం మన పిల్లలు మన సంగతులే చదవాలని కాదు. కల్లం గురించీ తెలియాలి, గాజుల గురించీ తెలియాలి, అందుకే బడిలో గ్రంథాలయం తాళం తీసి ఉండాలి.

ఇక మన ఇంటి సంగతి. నాజిరా పూర్తిచేసిన పిల్లవాడికి పూలదండ వేసి మిఠాయి పంచుతాం. ఆ పఠనానికి దాని పుణ్యం, దాని గౌరవం ఉన్నాయి. దానిపై వివాదం లేదు. చిక్కంతా అదే పద్ధతిని అన్ని చదువులకూ నమూనాగా చేసుకోవడంలో ఉంది. తెలుగు వాచకం కూడా స్వరం బాగుంటే వచ్చేసినట్టే అనుకుంటున్నాం. మన విద్యా సంప్రదాయం ఇంత పేదది కాదు. హమీదుద్దీన్ ఫరాహీ (1863–1930), ఆయన శిష్యుడు అమీన్ అహ్సన్ ఇస్లాహీ ప్రతి సూరాకూ ఒక ‘అమూద్’, అంటే స్తంభం, ఉంటుందని, మిగతా అంశాలన్నీ దాని చుట్టూ కూర్చబడి ఉంటాయని చూపారు. ముఖ్యభావానికి ఇంతకంటే మంచి పేరు ఉందా? ఆ ఫరాహీ కొంతకాలం మన హైదరాబాదులోనే దారుల్ ఉలూమ్‌కు అధిపతిగా ఉన్నారు. సూరా బఖరా పేరుకు అర్థం ఆవు. 286 ఆయతుల ఆ సూరాలో ఆవు ఉదంతం పది ఆయతులైనా నిండదు. శీర్షిక వేరు, సారం వేరు అని మక్తబ్ పిల్లవాడికి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. అయినా చెప్పేవారేరీ?

భాష మరొక అడ్డంకి. ఇంట్లో దక్కనీ, పుస్తకంలో తెలుగో ఇంగ్లీషో. పేరా అర్థమైన పిల్లవాడు దానిని దక్కనీలో చెప్పబోతే తరగతి నవ్వుతుంది, అతడు నోరు మూసుకుంటాడు. అతనికి రాలేదని రాసేస్తారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. కనీసం ముఖ్యభావాన్ని ముందు తన ఇంటి మాటలో చెప్పి, తరువాత తెలుగులోకి తెచ్చుకునే అవకాశమైనా ఇవ్వాలి. కోస్తాలో తెలుగే ఇంటి భాషగా గల నూర్‌బాషా కుటుంబాలకు ఈ చిక్కు లేదు. గైడు చిక్కు మాత్రం వారికీ ఉంది.

సీట్ల గురించి, పోస్టుల గురించి, ఆగిపోయిన స్కాలర్‌షిప్పుల గురించి మన నాయకులు పోరాడనీయండి. కానీ తరగతి గదిలోకి తొంగిచూసే హక్కు తల్లిదండ్రుల చేతిలో ఉండగా దానిని మనం వాడుకోవడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బురఖా వేసుకున్న తల్లులు ఆ సమావేశాలకు వెళ్లి సంతకాల పుస్తకంలో సంతకం చేసి వచ్చేస్తున్నారు. ఈసారి వెళ్లేటప్పుడు పాత దినపత్రిక నుంచి ఒక పేరా కత్తిరించి తీసుకెళ్లండి. ఏ గైడులోనూ జవాబు లేని పేరా. ఐదో తరగతి పిల్లల్లో ఎవరినైనా పిలిపించి, చదివించి, ఇందులో ఏముంది బేటా అని హెడ్మాస్టరు ఎదుటే అడగండి. పిల్లవాడు చెప్పలేకపోతే అతడిని కోప్పడకండి. నెలకు ఎన్ని పీరియడ్లు దీనికి కేటాయిస్తున్నారో హెడ్మాస్టరును అడిగి, ఆయన చెప్పిన జవాబును మినిట్స్‌లో రాయించండి.