నలుగురొస్తే ఆట మొదలు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల మధ్య ఒక పాత జోకు ఉంది: ఈ ఆటలో ఎవరూ ఓడించలేని రాక్షసుడి పేరు క్యాలెండర్!

నిజమే కదా. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడతారు. ఒకరికి రిలీజ్, ఒకరికి అత్తగారింట్లో ఫంక్షన్, ఇంకొకరి పాపకి జ్వరం. వాయిదా. మూడు వాయిదాలయ్యాక ఇక ఎవరూ అడగరు. గ్రూపులో బర్త్‌డే కేకు ఎమోజీలే మిగుల్తాయి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. 20 ముఖాల పాచిక పడేదాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. ఒకసారి కూర్చుంటే మూడు నాలుగు గంటలు, కథేమో నెలల తరబడి. చిక్కంతా అక్కడే.

బెన్ రాబిన్స్ అనే గేమ్ డిజైనర్ తన ‘వెస్ట్ మార్చెస్’ ఆటతో దీనికో దారి చూపించాడు. ఫిక్స్‌డ్ టీమ్ లేదు, ఫిక్స్‌డ్ టైమ్ లేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లే ఆ రోజు యాత్రకి వెళ్తారు. కానీ ప్రతి యాత్రా ఊళ్లోనే మొదలై ఊళ్లోనే ముగియాలి. కాబట్టి తర్వాతిసారి రాలేనివాడి పాత్ర అడవి మధ్యలో ఇరుక్కోదు. మన ఆఫీసు భాషలో, డిపెండెన్సీ తీసేశాడన్నమాట.

అంత టైమ్ కూడా లేదా? పేక చాలు. నాలుగు ఎనిమిది ముక్కలు తీసేస్తే 48 మిగుల్తాయి. ముగ్గురేసి రెండు జట్లు. హాస్టళ్లలో ఆడిన ‘లిటరేచర్’ గుర్తుందిగా? ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో గుర్తుపెట్టుకోవడమే ఆట.

పేక అనగానే ఇంట్లో మొహాలు మారతాయి. పందేలు ముంచిన కొంపలు అందరికీ తెలుసు, ఆ భయంలో న్యాయముంది. అందుకే మొదటి రూలు: పైసా పెట్టొద్దు.

రెండో రూలు: తేదీ మార్చొద్దు. ప్రతి నెలా రెండో శనివారం అనుకుంటే అదే. మూడోది: ఆరుగురి కోసం ఆగొద్దు. యాత్రకైతే నలుగురొస్తే చాలు, పేకకి మనుషులు తగ్గితే రమ్మీ వేసుకోండి. నాలుగోది: ముగిసే టైమ్ ముందే చెప్పండి, ఇంట్లోవాళ్లకీ వాళ్ల సాయంత్రం ఉంటుంది.

“ఎప్పుడైనా కలుద్దాంరా” అన్న మాట పెళ్లిళ్ల దాకా సాగుతుంది. తేదీ ఉన్న ఆట అలా కాదు. మూడు నెలలు రాలేనివాడు నాలుగో నెల సంజాయిషీ చెప్పుకోకుండా వచ్చి కూర్చోవచ్చు. ముక్కలు పంచేవాడు వాడికీ పంచుతాడు, అంతే.