తెర మీది చెరువు

అవ్వ, తాత కలిసి ఉన్న ఛాయాచిత్రం మా ఇంట్లో ఒక్కటే ఉంది. మడకశిరలో ఒక స్టూడియోలో తీయించుకున్నది. వెనుక తెర మీద నిండు చెరువు, కొబ్బరిచెట్లు. వేరుశనగ పైరు నిలువునా ఎండిన ఏడు తీసినదట. ఆ రంగునీళ్ళ ముందు ఇద్దరూ ఎంతగా బిగుసుకుని కూర్చున్నారో! తాత చేతి గడియారం అరువుది.

1876-78 కరువులో మద్రాసు రాజధానిలో విల్లోబీ వాలెస్ హూపర్ తీసిన చిత్రాలు కూడా నన్ను వదలవు. ఎముకలగూళ్ళను గుంపులుగా కూర్చోబెట్టి తీసినవి. అప్పటికి మడకశిర బళ్లారి జిల్లాలోనిది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. బళ్లారి ఆ కరువుకు బాగా బలైన జిల్లాల్లో ఒకటి. అందుకే ఆ ముఖాలలో మావాళ్ళను వెతుకుతుంటాను. (కనబడినా గుర్తుపట్టగలనా అన్నది వేరే మాట.)

సాక్ష్యంగా ఆ చిత్రాలు అవసరమే, కాదనను. నా పేచీ వాటి వారసత్వంతో. మా సీమ అనగానే పగుళ్ళిచ్చిన నేల, ఆకాశం వైపు చూసే ముసలి రైతు! తాను ఎలా కనబడాలనుకుంటున్నాడో ఆ రైతును అడిగినవారున్నారా?

అవ్వను అడిగారు, ఏ తెర కావాలని. రాజభవనం తెర కూడా ఉండేదట. ఆమె చెరువునే చూపించిందని అమ్మ చెబుతుంది. హూపర్ ముందు కూర్చున్నవారికి ఎంచుకోవడానికి ఏముంది? నేను అవ్వ చిత్రాన్నే ముందు చూస్తాను. అవి ఆ తరువాతే.