కంచన్‌బాగ్ కథ ఎవరు రాస్తారు?

కంచన్‌బాగ్‌లో రోడ్డు పక్కన పొడవాటి గోడలు, వాటి మీద ముళ్లకంచె. లోపల డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, భారత్ డైనమిక్స్, మిధాని. 1988లో ఎగిరిన 'పృథ్వి', 1989లో ఎగిరిన 'అగ్ని' వెనక పని చాలావరకు ఇక్కడిదే. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చిన కలాం ఆ రోజుల గురించి 'వింగ్స్ ఆఫ్ ఫైర్'లో చెప్పారు. 1999లో ఆ పుస్తకం వేసింది కూడా హైదరాబాద్ సంస్థే, యూనివర్సిటీస్ ప్రెస్. సరే, అది ఆత్మకథ. ఈ గోడల పక్కన నడిచే తెలుగు సైన్స్ ఫిక్షన్ నవల ఒక్కటైనా మీకు గుర్తొస్తుందా?

మనకు ఆసక్తి లేదని మాత్రం అనొద్దు. 1991లో 'ఆదిత్య 369' చూశాం, 2024లో 'కల్కి 2898 ఏడీ'కి థియేటర్లు నింపాం. రాసేవాళ్లూ లేకపోలేదు. అనిల్ ఎస్. రాయల్ కథలు, చిత్తర్వు మధు నవలలు చదివితే తెలుగులో ఇది కుదురుతుందని తెలుస్తుంది. కానీ ఏటా ఇన్ని వేల మంది ఇంజినీర్లు బయటికొచ్చే చోట ఆ సంఖ్య మరీ తక్కువ.

బయట ఈ పని చేసింది మనలాంటి వాళ్లే. ల్యూ సిషిన్ చైనాలోని షాన్సీలో పవర్ ప్లాంట్ ఇంజినీర్. ఉద్యోగం చేస్తూనే 'త్రీ బాడీ ప్రాబ్లమ్' రాశారు, 2006లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఇంగ్లిష్ అనువాదానికి 2015లో హ్యూగో అవార్డు దక్కింది. ఆండీ వియర్ ప్రోగ్రామర్. 'ది మార్షియన్'ని తన సైట్లో అధ్యాయాల వారీగా ఊరికే పెట్టాడు. లెక్కల్లో తప్పుంటే పాఠకులే పట్టించేవారు. తర్వాత వాళ్లు అడిగితే కిండిల్‌లో 99 సెంట్లకి అమ్మాడు. 2015లో సినిమా అయింది.

ఆ దారి తెలుగువాళ్లకి ఎందుకు దొరకలేదో తెలుసా? 2016 డిసెంబరులో కిండిల్ స్టోర్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి. తెలుగు ఆ జాబితాలో లేదు. మన కినిగె 2010లోనే మొదలై ఆ లోటు కొంత తీర్చింది గానీ, ప్రపంచమంతా వాడే దుకాణంలో చోటు లేకపోవడం చిన్న దెబ్బ కాదు.

అయినా మీరు ఆగనక్కర్లేదు. వియర్ చేసినట్టే వారానికో అధ్యాయం ప్రతిలిపిలోనో సొంత బ్లాగులోనో పెట్టండి. యాభై మంది క్రమం తప్పకుండా చదివితే చాలు, అచ్చుకి వెళ్లొచ్చు. పోతి, నోషన్ ప్రెస్ లాంటివి ఆర్డర్ వచ్చినన్నే కాపీలు వేస్తాయి. ఐఎస్‌బీఎన్‌కి మన దేశంలో పైసా కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఇస్తారు. కాబట్టి ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామంటూ వేలల్లో ప్యాకేజీ చెప్పేవాళ్లని నమ్మకండి. ఆ డబ్బు ప్రూఫ్‌రీడర్‌కి ఇవ్వండి. మన సొంత ప్రచురణల్లో సగం పరువు అచ్చుతప్పులే తీస్తున్నాయి.

ఇంకో మాట, దీంతో ఈఎంఐలు కట్టలేరు. ఉద్యోగం ఉంచుకోండి.

కథ చాట్‌బాట్‌తో రాయిద్దామా అనుకుంటున్నారా? అలాంటి కథలు వచ్చిపడుతుంటే తట్టుకోలేక అమెరికా పత్రిక క్లార్క్స్‌వరల్డ్ 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. అంతరిక్ష నౌకల వర్ణన ఇప్పుడు ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. టైటానియం తయారయ్యే చోటికీ, ఇరానీ చాయ్ దుకాణానికీ మధ్య ఒక్క గోడే అడ్డంగా ఉండే బస్తీ సంగతి మాత్రం అక్కడ తిరిగినవాళ్లకే తెలుస్తుంది. నాన్న లోపల ఏం పని చేస్తాడో ఇంట్లో ఎవరికీ తెలియని పిల్ల కథ ఎవరు రాస్తారు? దానికి క్షిపణి రహస్యాలేం అక్కర్లేదు.

ల్యాబుల్లోనే పనిచేసేవాళ్లు మాత్రం అచ్చుకి ముందు తమ సంస్థ సర్వీసు నిబంధనలు ఓసారి చదువుకోవడం మంచిది.