గుర్రం మీద మనకీ చోటుందా?

గుర్రం, తుపాకీ, ఎవరూ చేరలేని కొండ, ఆ కొండలో ఎక్కడో నిధి. ఈ నాలుగూ ఉంటే చాలు, అది ఏ భాష సినిమా అయినా సరే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను లేవను. తెల్లవాళ్ళ ఏలుబడి నాటి కథ అయితే మరీనూ. ఈ వయసులో ఆడమనిషి భక్తి సినిమాలో, అత్తాకోడళ్ళ సీరియళ్ళో చూసుకోవాలి గానీ ఈ ఫైటింగుల పిచ్చేమిటని మా ఇంట్లో నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారని నా అనుమానం. పైకి చెప్పరు, అంతే.

మాది నగరం. ఆ మాట అనగానే "ఏ నగరం?" అని అడుగుతారు. పేరుకే నగరం. రేపల్లె పక్కన, వరిచేల మధ్య ఉన్న మండల కేంద్రం. మా చిన్నప్పుడు సినిమా అంటే రేపల్లె. పెద్ద సినిమా అంటే తెనాలి. 'మెకన్నాస్ గోల్డ్' లాంటి ఇంగ్లీషు సినిమా ఆదివారం ఉదయం ఆట వేశారంటే మగపిల్లలు గుంపుగా వెళ్ళొచ్చి, అరుగు మీద చేరి కథంతా నటించి మరీ చూపించేవాళ్ళు. తలుపు చాటు నుంచి మేం వినేవాళ్ళం. ఆ సినిమా నేను చూసింది చాలా ఏళ్ళ తర్వాత, టీవీలో. అప్పటికే సగం కథ నాకు నోటికొచ్చు.

ఇంతకీ ఆ సినిమాల్లో ఏముందని? తెల్లదొర మీద మోజు మాత్రం కాదు. మమ్మల్ని పట్టి లాగింది ఆ దారి. తెర మీద మనిషి మూట కట్టుకుని బయల్దేరతాడు. ఎక్కడికి, ఎప్పుడొస్తావ్, తోడు ఎవరు అని ఎవరూ అడగరు. అది మాకు నిధి కన్నా పెద్ద వింత. మేం తెనాలి దాకా వెళ్ళాలంటే తోడుండాలి. తోడంటే ఎవరనుకున్నారు? పదేళ్ళ తమ్ముడు! పద్దెనిమిదేళ్ళ అక్కకి వాడు కాపలా. రైల్లో వాడి చెయ్యి పట్టుకోవాల్సింది నేను, నిద్రొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకోవాల్సింది నేను. అయినా లెక్కకి కాపలాదారు వాడే. అలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఒంటరిగా గుర్రం మీద ఎడారి దాటే మనిషిని చూస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

అయితే కళ్ళు కాస్త తెరిచి చూస్తే, ఆ దారి మీద మనం ఎక్కడా కనపడం. డేవిడ్ లీన్ తీసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) చూడండి. ఏడు ఆస్కార్లు తెచ్చుకున్న సినిమా. ఆ ఇసుక, ఆ ఒంటెలు, దూరంగా నలుసులా మొదలై మనిషిగా మారే ఆ రాక, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ మూడున్నర గంటలు దాటే ఆ సినిమా మొత్తం మీద ఆడమనిషి నోట ఒక్క మాట వినపడదు. ఒక్కటంటే ఒక్కటి! అరేబియాలో ఆడవాళ్ళే లేరన్నట్టు.

'కింగ్ సాలమన్స్ మైన్స్' (1950) కాస్త నయం. రైడర్ హాగర్డ్ 1885లో రాసిన నవలలో ప్రయాణం చేసే బృందంలో దొరసాని లేదు. సినిమావాళ్ళు ఆమెను కల్పించి డెబొరా కెర్ చేత వేయించారు. భర్తను వెతుక్కుంటూ ఆఫ్రికా అడవుల్లోకి వస్తుంది. అడవి మధ్యలో విసుగొచ్చి కత్తెర తీసుకుని తన జుట్టు తనే కత్తిరించేసుకుంటుంది. తీరా చూస్తే ఆ జుట్టు అప్పుడే బ్యూటీ పార్లరు నుంచి లేచి వచ్చినట్టు వంకీలు తిరిగి ఉంటుంది! నవ్వొస్తుంది గానీ, ఆ కత్తెర పట్టుకున్న క్షణం నాకు ఇష్టం. ఇక 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' (1984)లో నాయిక పని అరవడం. పురుగుని చూసి అరుస్తుంది, ఏనుగుని చూసి అరుస్తుంది.

ఈ గుంపులో నేను పక్కకి తీసి పెట్టుకున్న సినిమా ఒకటుంది, 'ది ఆఫ్రికన్ క్వీన్' (1951). 1914, జర్మన్ల చేతిలో ఉన్న తూర్పు ఆఫ్రికా. మిషనరీ అన్నకి తోడుగా హార్మోనియం వాయించుకుంటూ ఉన్న పెళ్ళికాని నడివయసు మనిషి రోజ్. అన్న పోతాడు. పాత బోటు నడుపుకునే తాగుబోతు చార్లీతో కలిసి నది మీద బయల్దేరాక, జర్మన్ యుద్ధనౌకని పేల్చేద్దామన్న ఆలోచన ఆమెదే. అతను కుదరదంటాడు, ఆమె కుదురుతుందంటుంది. కాథరిన్ హెప్బర్న్ ఆ పాత్ర వేసింది. ఆ షూటింగు ముచ్చట ఒకటి ప్రసిద్ధం. తాగుబోతు మగాళ్ళకి బుద్ధి చెప్పాలని ఆవిడ పట్టుదలగా నీళ్ళే తాగి విరేచనాలతో మంచాన పడిందట. విస్కీ తప్ప తాగని హీరో, దర్శకుడు మాత్రం నిక్షేపంగా ఉన్నారట! అన్యాయం కాకపోతే ఏమిటి?

కానీ ఆ సినిమాలోనూ ఒక సంగతి గుచ్చుకుంటుంది. మొదట్లో ప్రార్థన మందిరంలో కనిపించే ఊరి జనం, వాళ్ళ గుడిసెలు తగలబడ్డాక, కథలోంచి మాయమైపోతారు. తెల్ల ఆడమనిషికి పడవలో చోటు దొరికింది. ఆ ఊరి ఆడమనిషి ఏమైపోయిందో అడిగినవాళ్ళు లేరు.

అసలు గొడవంతా ఇక్కడే. మా అల్లుడు ఇలాంటి సినిమాలు పిల్లలకి చూపించొద్దంటాడు. "బానిస బుద్ధులు నేర్పుతాయి అత్తయ్యా" అంటాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. 'గుంగాదిన్' (1939) సంగతే తీసుకోండి. తెల్ల సిపాయిలకి నీళ్ళు మోసే భారతీయుడు వాళ్ళ కోసం ప్రాణమిచ్చి ధన్యుడవుతాడు. ఆ వేషం వేసింది కూడా రంగు పూసుకున్న తెల్లవాడే. బెంగాల్లో, బొంబాయిలో ఆ సినిమాని అప్పట్లోనే నిషేధించారు. 'టెంపుల్ ఆఫ్ డూమ్'లో 1935 నాటి మన సంస్థానం రాజుగారి విందులో పాములు, పురుగులు, కోతి మెదడు వడ్డిస్తారు! ఇక్కడ షూటింగుకి మన ప్రభుత్వంతో కుదరక శ్రీలంక వెళ్ళి తీసుకున్నారు. వంట చేసే చేతులు కదా మనవి, ఆ విందు చూస్తే ఒళ్ళు మండుతుంది.

అయినా దాచిపెట్టడం నాకు నచ్చదు. మనం దాస్తే పిల్లలు ఫోన్లో చూస్తారు, పక్కన మనం లేకుండా చూస్తారు. పక్కన కూర్చుంటే అడగొచ్చు. "ఆ మూటలు మోసేవాడి పేరేమిటో చెప్పు చూద్దాం?" అని నేను మా మనవరాల్ని అడుగుతుంటాను. సినిమా అయిపోయినా ఆ పేరు తెలియదు. అది పిల్లకి తనంతట తనకే తడుతుంది. ఇంత పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఆ మాటకొస్తే మన తెలుగువాళ్ళు ఈ లెక్క ఎప్పుడో సరిచేశారు. అదీ మా తెనాలి వైపు మనుషులే. బుర్రిపాలెం కృష్ణగారు 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' తీయించారు. కౌబాయ్ టోపీ మన నెత్తిన పెట్టి, నిధి వేటని మన సంస్థానాల కథగా ఆరుద్రగారు రాసిచ్చారు. రాజస్థాన్ ఎడారిలో తీశారు. కృష్ణగారు 2022 నవంబరులో పోయాక, 2023 మే నెలాఖరున ఆయన పుట్టినరోజుకి దాన్ని మళ్ళీ థియేటర్లలో వేస్తే, తొలిసారి చూసినవాళ్ళు మనవల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు.

తర్వాత 1974లో 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణగారి నూరో సినిమా. చింతపల్లి అడవుల్లో షూటింగు. దర్శకుడు రామచంద్రరావుగారు మధ్యలోనే చనిపోతే మిగతాది కృష్ణగారే చూసుకున్నారు. శ్రీశ్రీ పాటకి జాతీయ బహుమతి వచ్చింది. రూథర్‌ఫర్డ్ దొరగా వేసిన జగ్గయ్యగారిదీ తెనాలి దగ్గర మోరంపూడే. బుర్రిపాలెం వీరుడు, మోరంపూడి దొర మన్యం కొండల్లో తలపడ్డారన్నమాట! మాకు ఇది ఎంత గర్వమో ఈ చుట్టుపక్కల వాళ్ళకే తెలుస్తుంది. ఇందులో గుర్రం, తుపాకీ, కొండ అన్నీ ఉన్నాయి, పైగా వీరుడు మనవాడు, కావడి మోసేవాడు కాదు.

అంతా బాగుంది. మరి సీతో? రాజు పేరులో చేరడానికే ఆమె ఉన్నట్టుంటుంది. నిజానికి ఆ సీత కథకి చరిత్రలో గట్టి ఆధారం కనపడదు. అంటే కల్పించి మరీ ఒక ఆడపిల్లని తెచ్చి, ఆమెకి ఎదురుచూపులు ఇచ్చారు! ఆ వేషం వేసిన విజయనిర్మలగారు అప్పటికే, 1973లో, యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ని సినిమాగా తీసి తెలుగులో దర్శకురాలయ్యారు. తర్వాత నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. తెర వెనక అంత సాహసం చేసిన మనిషికి తెర మీద ఎదురుచూసే పని!

ముందు సంగతి ఇంకా చేదు. 'బొబ్బిలి యుద్ధం' (1964)లో మల్లమ్మదేవిగా భానుమతిగారి చూపు చూడండి, ఆ కళ్ళకి ఒక ఫిరంగిదళం అప్పగించొచ్చు. కానీ కథ అందుకు ఒప్పుకోదు. 1757 జనవరి 24న కోట పడిపోతుందని తెలిశాక లోపల ఉన్న ఆడవాళ్ళనీ, పిల్లల్నీ మనవాళ్ళే చంపుకున్నారని చరిత్ర. అందులో ఆడవాళ్ళకి దక్కిన సాహసం చావడమే. దాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అప్పటి నుంచి 'ఆర్ఆర్ఆర్' (2022) దాకా రండి. పాటకి ఆస్కార్ వచ్చింది, ప్రపంచమంతా గంతులేసింది, నేనూ ఇంట్లో ఒక అడుగు వేశాను. ఆ కథంతా మొదలయ్యేది దొరసాని ఎత్తుకుపోయిన మల్లి అనే పిల్లతో. అందులో సీత కూడా ఎదురుచూసే సీతే. యాభై ఏళ్ళు గడిచాయి, కెమెరాలు మారాయి, కంప్యూటరుతో పులుల్ని పుట్టిస్తున్నారు. సీతని మాత్రం గడప దాటించడానికి చెయ్యి రావడం లేదు.

సినిమావాళ్ళనే అనడం దేనికిలెండి. తెర మీద ఆడపిల్ల కత్తి పడితే ఈలలు వేసేదీ మనమే, అదే పూట ఇంటికొచ్చి, కూతురు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతానంటే "అంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే ఏదో ఒకటి చదువుకో" అనేదీ మనమే. నగరం నుంచి విజయవాడ ఎంత? లారెన్స్ దాటిన ఎడారి కాదు కదా!

నన్నడిగితే తీయాల్సిన సినిమా ఇక్కడే, మా బాపట్ల జిల్లాలోనే ఉంది. నిజాంపట్నం మా పక్క మండలం. 1606లో డచ్చివాళ్ళు అక్కడ కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళ 'గ్లోబ్' ఓడ ముందు అక్కడ ఆగి, తర్వాతే మచిలీపట్నం వెళ్ళింది. సముద్రాలు దాటి వాళ్ళొచ్చింది బంగారు గనుల కోసం కాదు, మన బట్టల కోసం, చిరివేరుతో అద్దిన ఆ ఎరుపు కోసం. ఆ బట్టకి నూలు వడికింది ఇళ్ళలో ఆడవాళ్ళే. నిధి వేట కథల్లో నిధి మన వాకిట్లో రాట్నం దగ్గర ఉందన్నమాట.

అది తీయడం కష్టమంటారా, చీరాల-పేరాల తీయండి. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని ఊరు ఊరంతా ఇళ్ళకి తాళాలు వేసి, ఊరి బయట రామనగరం అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకుడు, రామదండు ఆయన సైన్యం. ఆయన పేరు అందరికీ తెలుసు. అంతకుముందే పన్ను కట్టనందుకు జైలుకి వెళ్ళినవాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే ఆడమనిషి ఉంది. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? ఆ పాకల్లో ఎండల్లో, వానల్లో పదకొండు నెలలు పొయ్యి వెలిగించింది ఎవరు, నీళ్ళు మోసింది ఎవరు, బాలింతల్ని చూసింది ఎవరు? గుర్రాలు లేకపోతేనేం, వేలమంది ఒక్కసారిగా ఊరు వదిలి నడిచిపోయే ఆ దృశ్యం సినిమాస్కోపు తెరకి చాలదూ?

అలమేలమ్మ వేషానికి భానుమతిగారు ఉంటే ఇంక వేరే మాటే లేదు. పన్ను కాగితం తెచ్చిన బంట్రోతుని ఆవిడ చూసే చూపు నాకు ఇప్పుడే కనపడుతోంది. ఇప్పటివాళ్ళలో ఎవరైతే బాగుంటుందని మొన్న మాటొస్తే మా కోడలు ఒక పేరు చెప్పింది, మనవరాలు ఇంకో పేరు చెప్పింది. మా అల్లుడు మాత్రం, గోపాలకృష్ణయ్యగా ఎవరు వేస్తారని అడిగాడు.