లిండ్రమ్ గొప్పవాడే, కానీ ఆల్‌రౌండర్ కాదు

ముందే చెప్పేస్తున్నాను: వాల్టర్ లిండ్రమ్ ఆల్‌రౌండర్ కాదు. మెల్‌బోర్న్‌లో ఉంటూ ఈ మాట రాయడానికి కొంచెం ధైర్యం కావాలి. ఇక్కడ బిలియర్డ్స్ సంగతి ఎత్తితే చాలు, పెద్దవాళ్ళు ఆ ఒక్క పేరే చెబుతారు. మెల్‌బోర్న్ జనరల్ సిమెటరీలో ఆయన సమాధిని కూడా బిలియర్డ్స్ బల్ల ఆకారంలోనే కట్టారు. దాని మీద బంతులు, క్యూ కూడా ఉంటాయి. తప్పకుండా చూడండి. కానీ సమాధి బాగుందని తీర్పు చెప్పలేం కదా.

(క్యూ అనే మాటకి తెలుగులో మంచి మాట కోసం చాలా రోజులు వెతికాను. హైదరాబాద్‌లో మా కజిన్స్ ‘స్టిక్’ అంటారు. నేను క్యూ అనే రాస్తాను. రేషన్ షాపు దగ్గర నిలబడే క్యూతో కలపకండి.)

లిండ్రమ్ ఎంత గొప్పవాడో ముందు చెప్పాలి, లేకపోతే నాది ఉత్త దుడుకుతనం అనుకుంటారు. 1898లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో పుట్టాడు. చిన్నప్పుడే కుడిచేతి చూపుడువేలి కొస పోయింది, అందుకని ఎడమచేతి వాటం నేర్పారు. 1932 జనవరిలో, లండన్ థర్స్టన్స్ హాల్‌లో, జో డేవిస్ మీద ఒకే బ్రేక్‌లో 4137 పాయింట్లు కొట్టాడు. బ్రేక్ అంటే ఒక్కసారి బల్ల దగ్గరికి వచ్చాక తప్పకుండా ఎంతసేపు కొడితే అంత. దాదాపు మూడు గంటలు ఆయన కొడుతూనే ఉన్నాడు, డేవిస్ కూర్చునే ఉన్నాడు.

బిలియర్డ్స్‌లో ఉండేవి మూడే బంతులు. మన బంతి మిగతా రెండింటికీ తగిలితే దాన్ని క్యానన్ అంటారు, రెండు పాయింట్లు. ఎర్రబంతిని జేబులో వేస్తే మూడు. లిండ్రమ్ మూడు బంతుల్నీ బల్ల అంచున ఒక దగ్గరికి చేర్చి, వాటిని చెదరనివ్వకుండా, పాపాయిని జోకొట్టినట్టు మెల్లగా తాకిస్తూ క్యానన్ మీద క్యానన్ చేసుకుంటూ పోయేవాడు. వాటి పేరే నర్సరీ క్యానన్లు. చూసేవాళ్ళకి మొదట ఆశ్చర్యం, తర్వాత నిద్ర. చివరికి ఆయన్ని అదుపు చెయ్యడానికి ఆట నియమాలే మార్చారు. ఒక మనిషికి ఇంతకంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

మరి నా గొడవేమిటి? 1933లో లండన్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాడు, 1934లో మెల్‌బోర్న్‌లో నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత 1950లో వదులుకునేదాకా ఆ టైటిల్‌కి పోటీయే జరగలేదు. పదహారేళ్ళు! ఈలోగా స్నూకర్ పెరిగి పెద్దదైంది. ఆయన ప్రపంచ స్నూకర్ పోటీ వైపే రాలేదు. (వాళ్ళ కుటుంబంలో ఆ టైటిల్ ఆయన మేనల్లుడు హొరేస్ లిండ్రమ్‌కి వచ్చింది, 1952లో. ఆ ఏడు పోటీలో ఉన్నది ఇద్దరే ఇద్దరు. అది వేరే పోస్టు అవుతుంది.)

ఇప్పుడు ఆ మూడు గంటలు కుర్చీలో కూర్చున్న మనిషిని చూడండి. జో డేవిస్ బిలియర్డ్స్‌లో నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. స్నూకర్‌ని అప్పట్లో ఎవరూ పెద్ద ఆటగా లెక్కచేసేవాళ్ళు కాదు. అలాంటి ఆటని పట్టుకుని 1927 నుంచి 1946 దాకా జరిగిన పదిహేను ప్రపంచ పోటీల్లోనూ ఒక్కసారి కూడా ఓడలేదు. లిండ్రమ్ బల్ల దగ్గర డేవిస్ ఓడిపోయాడు, నిజమే. కానీ ‘అన్ని ఆటలూ వచ్చినవాడు ఎవరు’ అని అడిగితే, గెలిచినవాడి కంటే ఓడినవాడే జవాబుకి దగ్గరగా ఉన్నాడు. ఇక్కడి పెద్దవాళ్ళకి నచ్చని ముక్క ఇదే.

మనలో చాలామందికి ఆల్‌రౌండర్ అనగానే క్రికెట్ గుర్తొస్తుంది. పొద్దున బ్యాటు, మధ్యాహ్నం బంతి. నాకైతే అష్టావధానం ఇంకా మంచి పోలిక అనిపిస్తుంది. దాని గురించి ఈమధ్యే చదివాను. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు మధ్యలో కబుర్లు చెప్పి చెడగొడతారు. సమస్యాపూరణం ఎంత అద్భుతంగా చేసినా, మిగతా ఏడుగురికీ జవాబు లేకపోతే ఆయన మంచి కవి, అంతే. అవధాని కాదు. లిండ్రమ్ ఒక్క పృచ్ఛకుడికి 4137 పద్యాలు చెప్పాడు.

ఇంకో సామెత కూడా ఇక్కడ పనికొస్తుంది: ఇంట గెలిచి రచ్చ గెలవాలి. ఈ ఆటల్లో ఇల్లు ఏది, రచ్చ ఏది? నా లెక్క ఇది. బిలియర్డ్స్, స్నూకర్ రెండూ ఒకే ఇల్లు, రెండు గదులు. బల్ల ఒకటే: పన్నెండు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. బంతులు ఒకే సైజు, 52.5 మిల్లీమీటర్లు. జేబుల అంచులు గుండ్రంగా ఉంటాయి. బంతి అంచుకి కొంచెం ఎక్కువ తగిలినా లోపలికి పోదు, బయటికి ఉమ్మేస్తుంది. పూల్ ఇంకో ఇల్లు. పోటీ బల్ల తొమ్మిది అడుగులు, ఇక్కడి పబ్బుల్లో ఉండేవి ఇంకా చిన్నవి. పోటీల్లో వాడే బంతులు పెద్దవి, బరువైనవి: 57 మిల్లీమీటర్ల పైచిలుకు. జేబులు కోసినట్టు సూటిగా ఉంటాయి. క్యూ కొస కూడా లావు. మూడో ఇల్లు కారమ్ బిలియర్డ్స్, ఆ బల్లకి అసలు జేబులే ఉండవు. మన ఇళ్ళల్లో ఆడే క్యారమ్స్‌కి నాలుగు జేబులున్నాయి, ఆ పేరే ఉన్న పెద్ద బల్లకి ఒక్కటీ లేదు. ఇదెక్కడి న్యాయమో.

కొలతలే కదా, ఏముంది అనకండి. నేను వారానికోసారి పూల్ ఆడతాను. స్నూకర్ బల్ల దగ్గరికి వెళితే మొదటి అరగంట ఆ చివరి జేబు పక్క ఊళ్ళో ఉన్నట్టుంటుంది. పూల్‌లో బంతికి ధైర్యంగా స్పిన్ పెట్టి పంపిస్తాను. పన్నెండు అడుగుల బల్ల మీద అదే స్పిన్ బంతిని దారి తప్పిస్తుంది. స్నూకర్ వాళ్ళు పూల్‌కి వస్తే కష్టం వేరేచోట ఉంటుంది. జేబులో వెయ్యడం వాళ్ళకి తేలికే. కానీ మొదటి దెబ్బ, అంటే బంతుల గుంపుని పగలగొట్టే దెబ్బ, నైన్‌బాల్‌లో సగం ఆట. స్నూకర్‌లో మొదటి దెబ్బ పిల్లిలా మెల్లగా వెళ్ళి వెనక్కి రావాలి. కాబట్టి ఇల్లు మారడమంటే ఇరవై ఏళ్ళుగా చేతికి నేర్పినది చేతి చేతే మరిపించడం.

ఇక మనవాళ్ళతో గొడవ. మా బాబాయి ఈ సంగతి వస్తే చెయ్యెత్తి ఒకటే మాట అంటాడు: “ఇరవై ఎనిమిది ప్రపంచ టైటిళ్ళురా! ఇంక మాట్లాడకు.” పంకజ్ అద్వానీ గురించి. 2024 నాటికి లెక్క అదే, ఆ లెక్కతో నాకు పేచీ లేదు. బిలియర్డ్స్‌లో టైమ్ పద్ధతి, పాయింట్ల పద్ధతి రెండూ ఒకే ఏడు గెలిచాడు, 2005లో. స్నూకర్‌లో 2003లోనే ప్రపంచ అమెచ్యూర్ చాంపియన్. ఆరు ఎర్రబంతుల స్నూకర్ కూడా గెలిచాడు. ఏషియన్ గేమ్స్‌లో రెండు బంగారు పతకాలు. నా ఉద్దేశంలో ఆ ఇంట్లో ప్రతి గదిలోనూ దీపం పెట్టినవాడు ఈ కాలంలో ఇతనే. (పైగా స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లో, నియమాలు రాసింది ఊటీలో. అప్పటి ఊటీ, మన కోస్తా జిల్లాలు ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. బాబాయికి ఈ ముక్క చెబితే ఇంకా రెచ్చిపోతాడని చెప్పలేదు.)

కానీ బాబాయ్, టైటిళ్ళు లెక్కపెట్టడం వేరు, ఇళ్ళు లెక్కపెట్టడం వేరు. అద్వానీ 2012లో ప్రొఫెషనల్ స్నూకర్ టూర్‌కి వెళ్ళి, 2014లో వదిలేసి వచ్చాడు. అది అతని ఇష్టం, నేను తప్పు పట్టను. కానీ ఆ ఇరవై ఎనిమిదిలో పూల్ బల్ల మీద గెలిచినది ఒక్కటీ లేదు.

పూల్ ఇంట్లో ఇలాంటి మనిషి ఎఫ్రెన్ రేయెస్, ఫిలిప్పీన్స్ నుంచి. 1999లో నైన్‌బాల్ ప్రపంచ చాంపియన్, 2004లో ఎయిట్‌బాల్ ప్రపంచ చాంపియన్. రెండూ గెలిచిన మొదటివాడు. వన్‌పాకెట్ అనే చదరంగం లాంటి ఆట ఒకటుంది. ఆరు జేబుల్లో ఒక్కటే నాది, ఒక్కటే నీది. దాంట్లో అతన్ని గురువు అంటారు. అమెరికాలో డర్బీ సిటీ క్లాసిక్ అనే పోటీ ఉంది. అక్కడ నైన్‌బాల్, వన్‌పాకెట్, బ్యాంక్ పూల్ మూడూ కలిపి లెక్కవేసి ‘మాస్టర్ ఆఫ్ ద టేబుల్’ అని ఒక బహుమతి ఇస్తారు. రేయెస్ అది ఒకటి కంటే ఎక్కువసార్లు గెలిచాడు. ఆల్‌రౌండర్ అనే మాటకి లెక్క కట్టడానికి నిజంగా ప్రయత్నించిన వాళ్ళు వీళ్ళే అనిపిస్తుంది. కానీ ఆ లెక్క కూడా ఒక ఇంటి లోపలిదే. ఆ పేరులో ‘టేబుల్’ ఏకవచనం, చూశారా?

మరి గడప దాటినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మాల్టా నుంచి టోనీ డ్రాగో, స్నూకర్ ప్రొఫెషనల్, 2003లో వరల్డ్ పూల్ మాస్టర్స్ గెలిచాడు. స్టీవ్ డేవిస్ మోస్కోనీ కప్‌లో యూరప్ తరఫున ఏళ్ళ తరబడి పూల్ ఆడాడు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో రాబీ ఫోల్డ్‌వారీ ఉన్నాడు: 1986లో బిలియర్డ్స్ ప్రపంచ ప్రొఫెషనల్ చాంపియన్, స్నూకర్, పూల్ కూడా పోటీ స్థాయిలో ఆడినవాడు. ఆల్‌రౌండర్ అని వాదించేటప్పుడు మెల్‌బోర్న్ వాళ్ళు సమాధి వైపు కాకుండా ఈయన వైపు చెయ్యి చూపిస్తే నాకు చాలా సంతోషం.

కానీ నా ఓటు అలిసన్ ఫిషర్‌కి.

పదిహేడేళ్ళకి, 1985లో, స్నూకర్‌లో మహిళల ప్రపంచ చాంపియన్. 1994 లోపు ఏడుసార్లు. ఆ ఇంట్లో ఆమెకి గెలవడానికి ఇంకేమీ మిగల్లేదు, డబ్బూ పెద్దగా లేదు. 1995లో అమెరికా వెళ్ళిపోయింది, పూల్ ఆడటానికి. 1996లో నైన్‌బాల్ ప్రపంచ చాంపియన్! 1997, 1998, మళ్ళీ 2001. సంవత్సరాలు ఇంకోసారి చూడండి. ఒక ఇంట్లో రాణిగా ఉన్న మనిషి వేరే ఇంటికి వెళ్ళి, పెద్ద బంతులు, లావు క్యూ, ఆ మొదటి దెబ్బ, అన్నీ నేర్చుకుని, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాళ్ళని ఓడించింది. ఆమె తర్వాత కెల్లీ ఫిషర్ కూడా అదే దారిలో వెళ్ళింది (ఇద్దరికీ చుట్టరికం లేదు), 2012లో నైన్‌బాల్ ప్రపంచ టైటిల్ గెలిచింది.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు: “మహిళల పోటీలు కదా, అంత మంది ఉండరు.” స్నూకర్ గురించి ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. అప్పట్లో గట్టి పోటీ ఇచ్చేవాళ్ళు కొద్దిమందే. కానీ 1990లలో అమెరికా మహిళల పూల్ టూర్ టీవీలో వచ్చేది, అదే వృత్తిగా బతికేవాళ్ళు ఆడేవాళ్ళు. అక్కడ పాత పేరు పనిచెయ్యదు, బంతి జేబులో పడాల్సిందే. ఇంకో విషయం. 1934 తర్వాత ఎవరితోనూ పోటీయే లేకుండా పదహారేళ్ళు చాంపియన్‌గా ఉన్న ఆయన దగ్గర ‘పోటీకి ఎంతమంది’ అని ఎవరూ అడగరు. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి జనాభా లెక్కలు తీస్తారు.

ఇదంతా ఈ బ్లాగులో ఎందుకు రాస్తున్నాను? పూల్ తెలియని వాళ్ళు ఇక్కడికి ఎక్కువ వస్తారని తెలుసు. మనలాంటి వాళ్ళని రెండు వైపుల వాళ్ళూ ఇదే కొలతతో కొలుస్తారు కాబట్టి. ఒకసారి ఒక ఫంక్షన్‌లో ఒక పెద్దాయన నా తెలుగు విని, “ఇంగ్లీషు బాగా వచ్చు కదమ్మా, మళ్ళీ ఇదెందుకు, సగం సగం?” అన్నారు. ప్రేమగానే అన్నారు. ఒక బల్ల దగ్గర 4137 కొట్టగలిగితే రెండో బల్ల దగ్గరికి వెళ్ళి పసిపిల్లలా తడబడటం ఎందుకని ఆయన ప్రశ్న. అప్పుడు ఆయనకి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు, ముఖ్యంగా తెలుగులో. ఇప్పుడైతే 1995లో ఇంగ్లండ్ నుంచి విమానం ఎక్కిన ఒక చాంపియన్ గురించి చెబుతాను.

ఒక షరతు మాత్రం పెడుతున్నాను, తర్వాత నన్ను అడగకండి. అద్వానీ రేపు తొమ్మిది అడుగుల బల్ల మీద ఒక్క ప్రపంచ టైటిల్ గెలిస్తే, బిలియర్డ్స్, స్నూకర్, పూల్ మూడూ అతనివే అవుతాయి. అప్పుడు అలిసన్ ఫిషర్ రెండో స్థానం. ఆ రోజున ఈ పోస్టు తీసెయ్యను, కింద ఆ తేదీ వేసి ఒక లైను కలుపుతాను. లిండ్రమ్ సంగతి మాత్రం మారదు.